ఉదయగిరి కొండకి ఒక రిజిస్టరు, ఇద్దరు గైడ్లు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతి వెళ్లిందో లేదో వేసవి టూర్ల ప్రకటనలు మొదలైపోయాయి. మనాలీ అంట, కేదార్‌నాథ్ అంట, ఐదు రాత్రులు ఆరు పగళ్లు అంట. పోయిన ఏడాది మేం నలుగురు స్నేహితురాళ్లం అటే వెళ్లొచ్చాం. నేను ఉదయగిరి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మిగతా ముగ్గురిలో ఒకామె కావలిలో బ్యాంకు ఉద్యోగి, ఒకామె ఆత్మకూరులో నర్సు, ఇంకొకామెకి నెల్లూరులో చీరల కొట్టు ఉంది. ఇంటర్ చదివిన రోజుల నుంచీ ఒకటే జట్టు. అందరికీ నలభై దాటాయి. ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చాక మన ఉదయగిరి కొండ గురించి మీకు రాయాలని చాలాసార్లు అనుకున్నాను. ఇన్నాళ్లకి కుదిరింది.

ఉత్తరాఖండ్ వెళ్దామని టికెట్లు తీసుకున్న రోజే మా నర్సు ఒక షరతు పెట్టింది. "నెల్లూరు ఉండేది సముద్రమట్టానికి ఇరవై మీటర్ల ఎత్తులో. అక్కడ పుట్టి పెరిగినోళ్లం ఒక్కసారిగా మూడున్నర వేల మీటర్లు ఎక్కుతామంటే ఒళ్లు ఒప్పుకోదు. ముందు మన కొండ ఎక్కి చూపించండి" అంది. అందుకని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి ఆదివారం ఉదయగిరి దుర్గం ఎక్కాం. 3,079 అడుగుల కొండ. చీకట్లో బయల్దేరితే తెల్లారేసరికి సగం ఎక్కేసేవాళ్లం. కింద మోదుగలు ఆకు రాల్చి ఒళ్లంతా పువ్వై ఉండేవి. పైన కూలిన కోట గోడలు, మసీదు, మా నలుగురి మాటలు తప్ప చప్పుడు ఉండేది కాదు. ఇరవై ఏళ్లుగా ఈ కొండ నీడలో ఉద్యోగం చేస్తూ నేను పైకి ఎక్కింది అదే మొదటిసారి.

మూడో ఆదివారం దిగేటప్పుడు దారి తప్పాం. ఎక్కేటప్పుడు ఒక్కటే కనబడిన దారి, దిగేటప్పుడు నాలుగైంది. అన్నీ మేకలు నడిచిన దారులే. ఒకదాన్ని పట్టుకుని పోతే ముళ్లకంపలో తేలింది, ఇంకోదాన్ని పట్టుకుని పోతే బండ అంచున ఆగిపోయింది. పదకొండు గంటలకే రాయి మీద చెయ్యి పెట్టలేకపోయాం. నలుగురికీ కలిపి అర బాటిల్ నీళ్లు మిగిలాయి. ఫోన్లలో సిగ్నల్ లేదు. చీరల కొట్టు ఆమెకి కాలు మడతపడి మడమ వాచింది. మేం కొండెక్కామని కింద ఎవరికీ తెలియదు. చెప్పడానికి అక్కడ ఎవరైనా ఉంటే కదా!

గంటన్నర తర్వాత మేకల మెడగంటలు వినబడ్డాయి. గట్టిగా అరిచాం. డెబ్బై ఏళ్ల పెద్దాయన, తలకి తువ్వాలు, చేతిలో కొక్కెం కట్టిన కర్ర. "ఏమ్మా, దారి తప్పినారా? ఆ పక్క దిగబాకండి, లోయ ఉండాది" అంటూ వచ్చాడు. ముందు మమ్మల్ని ఒక మర్రిచెట్టు కిందికి తీసుకుపోయాడు. అక్కడ బండ సందులో బేసినంత గుంట, దాని మీద పలకరాయి మూసి ఉంది. కర్రతో రాయిని పక్కకి జరిపాడు. కింద నీళ్లు, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. రెండు మర్రాకులు కోసి, పుల్ల గుచ్చి దొప్ప కుట్టి ఒక్కొక్కరికీ ముంచి ఇచ్చాడు. తాగడం అయ్యాక మళ్లీ రాయి జరిపి మూశాడు, పందులు తొక్కకుండా. దారిపొడుగునా ప్రతి బండకీ ఒక పేరు చెప్పాడు. ఎలుగుబంటి తిరిగే చోటు చూపించాడు. కిందికి వచ్చాక డబ్బులివ్వబోతే, "నీళ్లిచ్చినందుకు డబ్బులేంది తల్లీ" అని వెనక్కి తిరిగి మళ్లీ కొండెక్కాడు.

ఏప్రిల్ చివర్లో సెలవులివ్వగానే నెల్లూరులో రాత్రి ఢిల్లీ వెళ్లే జీటీ రైలు ఎక్కాం. అంతకుముందు ఒక ట్రావెల్స్ వాళ్లని కనుక్కుంటే, హరిద్వార్‌లో పొద్దున బండెక్కించి రాత్రికి తుంగనాథ్ గుడికి నడక మొదలయ్యే చోప్తా చేర్చి, మర్నాడు తెల్లవారుజామునే కొండ ఎక్కించేస్తామన్నారు. ఒళ్లు అలవాటు పడటానికి ఒక్క రోజు కూడా లేదు. మా నర్సు ససేమిరా అంది. సొంతంగానే వెళ్లాం. రిషీకేశ్ నుంచి బస్సులో దేవప్రయాగ దగ్గర అలకనంద, భాగీరథి కలిసి గంగ అయ్యే చోటు చూసుకుంటూ, రుద్రప్రయాగ, ఊఖీమఠ్ మీదుగా సారీ అనే పల్లెకి చేరేసరికి పొద్దుగూకింది. ఆ పల్లె సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఇంటి దగ్గర ఆ రోజు వడగాలి అని మా అమ్మ ఫోన్లో చెబుతుంటే నేను రెండు స్వెట్టర్లు వేసుకుని విన్నాను.

ఒకరి ఇంట్లోనే బస. ఇంటావిడ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నల్లటి రొట్టె పెట్టింది. మడువా రొట్టె అంది. తుంచి నోట్లో పెట్టుకోగానే నేనూ, చీరల కొట్టు ఆమే మొహాలు చూసుకున్నాం. రాగులు! పక్కన గిన్నెలో గహత్ పప్పు పోసింది. చూస్తే ఉలవలు. రెండు వేల కిలోమీటర్లు దాటి వచ్చి మంచుకొండల కింద రాగిరొట్టె, ఉలవకట్టు తింటున్నాం. వచ్చీరాని హిందీలో మా ఊళ్లో రాగిసంగటి ఎట్లా కెలుకుతామో చెబితే ఆమె చేతులు తిప్పి చూపించమని అడిగి మరీ నవ్వింది. అక్కడ చైత్రం మొదటి రోజున పిల్లలు అడవి పూలు కోసుకొచ్చి ఇంటింటి గడప మీద చల్లుతారట. ఫూల్‌దేయీ అంటారట. సంక్రాంతి నెలలో మన గొబ్బిళ్లు గుర్తొచ్చాయి.

ఆమె మరిది మాకు గైడు. ఇరవై ఆరేళ్లుంటాయి. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు చేశాడు. ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తెచ్చి మా పేర్లు, వయసు, ఇంటి ఫోన్ నంబర్లు రాసుకున్నాడు. బీపీ ఉందా, షుగరుందా, ఏం మాత్రలు వాడుతున్నారు అని ఒక్కొక్కరినీ విడిగా అడిగాడు. మర్నాడు దేవరియా తాల్ దాకా మాత్రమే తీసుకెళ్లాడు. 2,400 మీటర్ల ఎత్తులో చెరువు, పొద్దున గాలి లేనప్పుడు 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం అందులో తలకిందులుగా కనబడుతుంది. మళ్లీ సారీకే తెచ్చి పడుకోబెట్టాడు. ఎత్తుకి ఎక్కినా కిందికొచ్చి నిద్రపోతే ఒళ్లు అలవాటు పడుతుందట. మూడో రోజు చోప్తా. నాలుగో రోజు తుంగనాథ్.

ఆ దారి గురించి రాయడం మొదలుపెడితే మీ పేజీ చాలదు. బురాన్ష్ చెట్లు పూసి ఉన్నాయి. ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం అది. కింద ఎర్రగా పూసిన చెట్టే ఎత్తుకి వెళ్లేకొద్దీ గులాబీ రంగుకి పాలిపోతుంది. పిల్లలకి పాఠంలో చెప్పే మాట, నా కళ్ల ముందు గంట నడకలో జరిగింది. నేను నాలుగుసార్లు ఆగి చూస్తే, నాలుగుసార్లూ ఆ అబ్బాయి విసుక్కోకుండా నిలబడ్డాడు. ఎవరు తొందరపడినా "ధీరే ధీరే" అనేవాడు. మోదుగ ఎరుపుతో మొదలైన మా వసంతం ఆ ఎరుపు దగ్గరికి చేరింది.

తుంగనాథ్ గుడి 3,680 మీటర్ల ఎత్తులో ఉందని చెబుతారు. తలుపులు ఇంకా తెరవలేదు. చలికాలమంతా స్వామి ఉత్సవమూర్తి కింద మక్కూమఠ్‌లోనే ఉంటాడు. బయటి నుంచే దండం పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాం. ఇంట్లో చేసి తెచ్చిన వేరుశనగ ఉండలు తీస్తే మా బ్యాంకు ఆమె వద్దంది. అడక్కుండానే చేతిలోంచి లాక్కుని తినే మనిషి! ఏమే, ఏమైంది అంటే తలనొప్పి, ఏం లేదు అంది. గైడు వచ్చి ఆమె మొహంలోకి చూశాడు. లేపి నిలబెట్టి, దారిలో పరిచిన రాతిపలకల అంచు వెంట, ఒక కాలి మడమకి ఇంకో కాలి బొటనవేలు ఆనించి నడవమన్నాడు. నాలుగు అడుగులు బాగానే పడ్డాయి. ఐదో అడుగు పక్కకి పడింది. పట్టుకుని, "బస్, అబ్ నీచే" అన్నాడు, చాలు, ఇక కిందికే అని.

చంద్రశిల శిఖరం అక్కడి నుంచి గంటన్నర. కళ్ల ముందే కనబడుతోంది. "నేనిక్కడే కూర్చుంటా, మీరు పోయిరండి" అని ఆమె ఏడ్చింది. అతను ఒప్పుకోలేదు. ఒంట్లో బాగోలేని మనిషిని ఒంటరిగా వదలకూడదు, అందరం దిగాల్సిందే అన్నాడు. ఆమె బ్యాగు తన వీపున వేసుకుని, చెయ్యి పట్టుకుని చోప్తా దాకా దించాడు. దిగేకొద్దీ ఆమె మాట స్పష్టమైంది. కిందికి చేరిన రెండు గంటలకి టీ తాగి, ఆకలేస్తోంది అంది. ఆ మధ్యాహ్నం శనగగింజలంత వడగళ్లు పడి దారంతా తెల్లగా అయిపోయింది. మేమింకా శిఖరం మీద ఉండి ఉంటే ఏమయ్యేదో! అడుగు తడబడటం మెదడుకి వాపు వస్తోందనడానికి గుర్తు అని, అట్లాంటప్పుడు దించడమే మందు అని మా నర్సు రాత్రి చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణికింది.

చంద్రశిల మేం చూడలేదు. కానీ నలుగురం వెళ్లి నలుగురం వచ్చాం.

ఆ అబ్బాయికి రోజుకి 1,500 రూపాయలు ఇచ్చాం. వాళ్ల పల్లెలో ఏటా మంచు కరిగిన దగ్గర్నుంచి వానలు పడేదాకా అట్లాంటి కుర్రాళ్లకి చేతినిండా పని. కొండ వాళ్లది, దారి వాళ్లకి తెలుసు, డబ్బు వాళ్ల ఇంటికే చేరుతుంది. నా దగ్గర పదో తరగతి చదివి డిగ్రీ కూడా పూర్తి చేసిన పిల్లలు చెన్నైలో, బెంగళూరులో సెక్యూరిటీ గార్డులుగా పన్నెండు గంటలు నిలబడుతున్నారు. వాళ్లు చిన్నప్పుడు మేకల వెంట తిరిగిన కొండకి శని ఆదివారాల్లో ఎక్కడెక్కడి నుంచో కుర్రకారు బైకుల మీద వస్తున్నారు. ఎవరు ఎక్కారో, ఎందరు దిగారో రాసుకునే మనిషి లేడు.

శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ దుర్గాన్ని 1514లో గెలిచాడు. ఏడాదిన్నర ముట్టడి. ఒక్కొక్క మనిషే నడవగలిగే సన్నదారి తప్ప ఇంకో దారి లేకపోతే వెడల్పాటి దారులు వేయించాడని పోర్చుగీసు వాడైన నూనిజ్ రాశాడు. ఆ పాఠం చెప్పే సోషల్ టీచరుతో సహా మా స్కూల్లో చాలామంది ఆ కొండ ఎక్కలేదు. పిల్లల్ని తీసుకుపోదామంటే దారి తప్పితే ఎవరు బాధ్యులు అని హెడ్మాస్టరు గారు భయపడతారు. నేను ఆయన్ని తప్పు పట్టను, ఆ బండ అంచున నేనూ నిలబడ్డాను.

అందుకని మీ పత్రిక ద్వారా జిల్లా కలెక్టరు గారిని, అటవీ, పర్యాటక శాఖల అధికారుల్ని అడిగేది ఇదే. కొండ కింద ఒక చిన్న గది, అందులో ఒక రిజిస్టరు పెట్టండి. పైదాకా బండల మీద సున్నంతో బాణం గుర్తులు వేయండి. ఉదయగిరి, చుట్టుపక్కల పల్లెల పిల్లల్ని ఎంచి, ప్రథమ చికిత్స, స్ట్రెచరు మోయడం, దారి చూపడం నేర్పించి గుర్తింపు కార్డులివ్వండి. ఎండలు ముదిరిన ఏప్రిల్, మే నెలల్లో, గడ్డి ఎండి ఒక్క అగ్గిపుల్లకే కొండ అంటుకునే రోజుల్లో, ఎవరినీ ఎక్కనివ్వకండి. దానికి కోట్లు అక్కర్లేదు. ఉత్తరాఖండ్ పల్లెల్లో అడవిని చూసుకునే వన పంచాయతీలకి 1931 నుంచే నియమాలున్నాయి. మనకీ వన సంరక్షణ సమితులు ఉన్నాయి. నల్లమలలో బైర్లూటి, తుమ్మలబైలు దగ్గర అడవి చూడటానికి వచ్చినవాళ్లకి చెంచు యువకులు పని చేసి పెడుతున్నారు. అక్కడ జరిగింది వెలిగొండల్లో ఎందుకు జరగకూడదు? భైరవకోనలో జలపాతం పక్క పాచి పట్టిన బండల మీద, పెంచలకోన పై అడవిలో కూడా చెయ్యి పట్టుకుని నడిపించే మనుషులు కావాలి. ఉదయగిరితో మొదలుపెట్టండి.

ఆ గైడ్లకి పాఠం చెప్పడానికి బయటి నుంచి ఎవరినీ పిలవక్కర్లేదని కూడా మనవి. ఆ మేకల పెద్దాయన ఇంకా కొండ మీదే తిరుగుతున్నాడు. నీళ్లు ఎక్కడ ఊరతాయో, ఏ దారి లోయలో తేలుతుందో ఆయనకి తెలిసినంత ఏ మ్యాపులోనూ లేదు. ఆయన చెబుతుంటే నలుగురు కుర్రాళ్లు రాసుకోవాలి. ఆ రాసుకోవడం త్వరగా మొదలవ్వాలి, ఆయనకి డెబ్బై దాటాయి.

ఫిబ్రవరి మొదటి ఆదివారం నుంచి మేం నలుగురం మళ్లీ ఎక్కుతున్నాం. ఈసారి చంద్రశిల చేరాలని మా బ్యాంకు ఆమె రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తోంది. మీ విలేకరి ఎవరైనా వచ్చి దారి ఎట్లా ఉందో కళ్లారా చూస్తే సంతోషిస్తాం. తెల్లవారుజామున ఐదింటికి ఉదయగిరిలో రంగనాయకుల గుడి దగ్గర ఉంటాం. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తెచ్చుకోమని చెప్పండి.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచరు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా