లంగరు వేసే ముందు

చిన్నీ,

ఆగస్టులో గ్రీస్‌లోని లావ్రియో రేవులో పడవ తీసుకుని కేయా, కిథ్నోస్, సెరిఫోస్, సిఫ్నోస్ దీవులు చూసి వారంలో తిరిగొస్తామని రాశావు. దారి బాగుంది. నీ పట్టీలో ఏ ఊళ్లో ఏం చూడాలో ఉంది గానీ, గాలి రేగితే రాత్రి ఎక్కడ తలదాచుకుంటారో లేదు. ఆ దీవులున్న సైక్లడీస్ ద్వీపసమూహంలో ఆగస్టంటే ముందు తేల్చుకోవాల్సింది అదే.

అక్కడి వేసవి గాలిని మెల్తెమి అంటారు. బాల్కన్ల మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం ఉండటంతో ఉత్తరం నుంచి ఏజియన్ సముద్రం మీదుగా వీస్తుంది. ఆ టర్కీ అల్పపీడనం మన నైరుతి రుతుపవనాలను లాగే అల్పపీడనానికి పడమటి కొస. అందుకే జులై, ఆగస్టుల్లో దానికంత జోరు. మబ్బు చూసి సర్దుకుందామంటే కుదరదు, ఆకాశం తేటగానే ఉంటుంది. గాలి జోరును కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 5, 6 మామూలే. 7 కూడా వస్తుంది, అంటే 28 నుంచి 33 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది కాబట్టి హాయిగా ఉంటుంది. తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలే. ఫోర్‌కాస్ట్‌లో 7 కనబడితే సిఫ్నోస్ మానేసి సెరిఫోస్ నుంచే వెనక్కి తిరగండి. చేతిలో ఒక రోజు ఎప్పుడూ మిగుల్చుకోండి.

ఉత్తరానికి తెరుచుకున్న ఏ చోటూ ఆ గాలిలో పనికిరాదు. అలాగని దక్షిణాన కొండ చాటున్న ప్రతి చోటూ మంచిదీ కాదు. ఎత్తయిన కొండ దాటిన గాలి అవతలి వాలు మీదుగా విసురుగా దిగుతుంది. బయట 25 నాట్లుంటే లోపల 35 తగలొచ్చు, అదీ ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి. అలలు లేవు కదా అని అక్కడ తక్కువ గొలుసు వదిలినవాళ్ల లంగరే ముందు జారుతుంది. సెరిఫోస్‌లోని లివాది ఇలాంటిదే, విసురు ఎక్కువ. కాకపోతే సముద్రపు అడుగున లంగరుకు పట్టు బాగుంటుంది, అందుకే నిశ్చింతగా ఆగొచ్చు. కిథ్నోస్‌లో ఇసుక తిన్నెకు రెండు వైపులా రెండు అఖాతాలు ఉంటాయి. అందులో దక్షిణం వైపుది, ఫికియాద, ఎంచుకోండి. సిఫ్నోస్‌లోని వాథి దాదాపు చుట్టూ మూసుకున్న అఖాతం, అడుగు ఇసుక.

అడుగు ఇసుకా, గడ్డా అన్నది పైనుంచే తెలుస్తుంది. లేత నీలంగా మెరిసేది ఇసుక. నల్లటి మచ్చలు పొసిడోనియా గడ్డి. గడ్డిలో లంగరు పట్టదు, వేళ్ల పైనే జారుతుంది. పైగా ఆ గడ్డికి చట్టరక్షణ ఉంది, దున్నకూడదు. పొద్దు వాలితే నీటి మీద మెరుపు తప్ప అడుగు కనిపించదు, కాబట్టి మధ్యాహ్నం మూడు, నాలుగు లోపే చేరుకోండి. చోటూ దొరుకుతుంది.

ఇక వేసే పద్ధతి. చుక్కాని దగ్గర నువ్వు, ముందు గొలుసు దగ్గర అల్లుడుగారు. గాలిలో మాట వినపడదు, చేతి సైగలు ముందే అనుకోండి. లేకపోతే అఖాతంలో ఉన్నవాళ్లందరికీ మీ కాపురం వినపడుతుంది. పడవను గాలికి ఎదురుగా నిలిపి, అది వెనక్కి జరగడం మొదలయ్యాక లంగరు దించండి. గొలుసంతా ఒకేచోట కుప్పగా పడితే లంగరుకే చుట్టుకుంటుంది. ఎంత గొలుసన్నది అడుగు లోతుకు పడవ ముక్కు ఎత్తు కూడా కలిపి లెక్కకట్టాలి. 5 మీటర్ల లోతుకు 1.2 మీటర్ల ఎత్తు కలిపితే 6 పైచిలుకు, దానికి ఐదు రెట్లు 31 మీటర్లు. మెల్తెమిలో ఏడు రెట్లు, అంటే 43. అద్దె పడవల్లో సాధారణంగా 50, 60 మీటర్లు ఉంటుంది, కానీ తీసుకునే రోజే ఆ గొలుసు ఎంతుందో, గుర్తులు ఎన్ని మీటర్లకు వేశారో, చివర పడవకు కట్టి ఉందో లేదో చూడండి.

గొలుసు వదిలాక రివర్స్‌లో మెల్లగా లాగి, బిగిశాక 1500, 2000 ఆర్.పి.ఎం.కి పెంచి అర నిమిషం ఉంచు. అల్లుడుగారు గొలుసు మీద అరచేయి ఆనించాలి. నిశ్చలంగా బిగుసుకుంటే పట్టింది. గరగరమని వణికితే లంగరు జారుతోంది. నువ్వు పక్కకు చూసి, ఒడ్డు మీద చెట్టునూ దాని వెనకున్న ఇంటినీ ఒక గీతలో పెట్టుకో. ఆ గీత చెదిరితే కదులుతున్నట్టే. జారిన లంగరును పైకి లాగినప్పుడు గడ్డి ముద్ద వస్తుంది. దాన్ని పీకి పారేయకుండా మళ్లీ వేస్తే రెండోసారీ పట్టదు. పట్టిందనిపించాక అద్దాలు పెట్టుకుని ఈదుతూ వెళ్లి చూడండి. కొన ఇసుకలో దిగి ఉండాలి, పక్కకు ఒరిగి పడుకుని ఉండకూడదు. బరువు విండ్లాస్ (గొలుసు ఎత్తి దించే మోటారు యంత్రం) మీద పడకుండా గొలుసుకు నైలాన్ తాడు తగిలించండి. ఎత్తేటప్పుడూ పడవను విండ్లాస్‌తో లాగొద్దు, ఇంజిన్‌తో ముందుకు వెళుతూ వదులైన గొలుసునే ఎత్తాలి. లేకపోతే దాని కరెంటు బ్రేకర్ పడిపోతుంది. ఆ బ్రేకర్ ఎక్కడుందో చీకట్లో వెతుక్కోకుండా ముందే అడిగి తెలుసుకోండి.

రాత్రి లంగరు జారితే ముందు ఇంజిన్ స్టార్ట్ చెయ్యి, తర్వాతే ఆలోచన. వెనక ఖాళీ ఉంటే ఇంకా గొలుసు వదలాలి, లేకుంటే ఎత్తి వేరేచోట వేయాలి.

రేవుల్లో లంగరు ముందు వేసి వెనక్కి గట్టుకు చేరతారు. 12 మీటర్ల పడవైతే గట్టుకు 50 మీటర్ల దూరంలో వేయాలి. పక్కవాడి గొలుసు మీ లంగరుకు చిక్కితే కంగారు వద్దు. దాన్ని పైకి లాగి, కింద నుంచి తాడు వేసి కట్టేసి, మీ లంగరు కొంచెం దించి విడిపించుకోండి. అలవాటైతే రెండు నిమిషాల పని.

పడవ రేడియో (వి.హెచ్.ఎఫ్.) అత్యవసర ఛానెల్ 16 మీద ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. ఫోన్ అందితే కోస్ట్ గార్డ్ నంబరు 108. ఇక్కడ మనం అంబులెన్సుకు చేసే నంబరే కాబట్టి గుర్తుంటుంది. ఈ నెల్లో ఎప్పుడైనా మీ ఇద్దరూ కూర్చుని ఆ నాలుగు దీవుల చార్టుల మీద ఉత్తరపు గాలి గీత గీసి, ఒక్కో దీవికి రెండేసి చోట్లు గుర్తుపెట్టి నాకు పంపండి.

ఉంటాను,
నాన్న