కార్బన్ క్రెడిట్ ఒప్పందాల్లో రైతుకు ఫిర్యాదు మార్గం చూపండి

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మొన్నటి యాసంగిలో ఒక కంపెనీ మనుషులు వచ్చి, చుట్టూ చిల్లులున్న అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని మా వరి మడిలో పాతి వెళ్లారు. అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా మళ్లీ తడి పెట్టనక్కర్లేదు. నీరు నిల్వ లేనప్పుడు మట్టిలో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుట్టడం తగ్గుతుంది, మోటారు నడిపే గంటలూ తగ్గుతాయి. పద్ధతి మంచిదే, దాని మీద మాకు అభ్యంతరం లేదు. అయితే సంతకానికి ఇచ్చిన కాగితాలు మొత్తం ఇంగ్లీషులో ఉన్నాయి. తగ్గిన ఉద్గారాలపై హక్కులన్నీ కంపెనీవేనన్న వాక్యం ఏడో పేజీలో ఉందని, ఊళ్లో డిగ్రీ చదివే అబ్బాయి చెప్పేదాకా మాకు తెలియదు. అలా తగ్గిన ఉద్గారాలను లెక్కగట్టి అమ్ముకునే పత్రాలే కార్బన్ క్రెడిట్లు; వాటిని ఎవరికి, ఎంతకు అమ్మారో ఇప్పటికీ తెలియదు.

వాతావరణ మార్పులపై దేశాలు కుదుర్చుకున్న పారిస్ ఒప్పందం 6వ అధికరణంలో ఇలాంటి క్రెడిట్లకు రెండు దారులున్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యవేక్షక మండలి నడిపే 6.4 దారిలో 5 శాతం క్రెడిట్లు, వాతావరణ మార్పులను తట్టుకునేందుకు పేద దేశాలకు సాయపడే అనుకూలన నిధికి వెళ్తాయి, ప్రాజెక్టు వల్ల నష్టపోయినవారు ఫిర్యాదు చేసుకునే విధానాన్ని కూడా ఆ మండలి 2024లో ఆమోదించింది. దేశాలు నేరుగా కుదుర్చుకునే 6.2 దారిలో ఆ వాటా ఐచ్ఛికం, ఫిర్యాదుకు ఉమ్మడి వేదిక లేదు. 2025 ఆగస్టులో జపాన్‌తో మనం సంతకం చేసిన ఉమ్మడి క్రెడిట్ విధానం ఈ రెండో దారిలోదే. అమ్మేసిన తగ్గింపును అమ్మిన దేశం తన ఖాతాలో చూపుకోకూడదని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో పకడ్బందీగా రాసుకున్న దేశాలు, రైతుకూ కంపెనీకీ మధ్య లెక్కను మాత్రం ఆయా ప్రభుత్వాలకే వదిలేశాయి.

విదేశాలకు క్రెడిట్లు అమ్మేందుకు అర్హమైనవిగా కేంద్రం 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన 13 అంశాల జాబితాలో వరి లేదని మీ అధికారులు అనవచ్చు. నిజమే, కానీ కంప్రెస్డ్ బయోగ్యాస్ (వ్యర్థాల నుంచి తీసి ఒత్తిడితో నింపే ఇంధన వాయువు) ఉంది, దానికి మా పొలాల్లోని గడ్డి కావాలి. వరి క్రెడిట్లకు జాబితాతో పనిలేని స్వచ్ఛంద మార్కెట్ (కంపెనీలు తమ ఇష్టంతో క్రెడిట్లు కొనుక్కునే చోటు) ఉండనే ఉంది.

అందువల్ల విదేశాలకు వెళ్లే క్రెడిట్లకు ఆమోదపత్రం ఇచ్చేటప్పుడు మూడు షరతులు పెట్టాలని కోరుతున్నాను: ఒప్పందం రైతు భాషలో ఉండాలి, అమ్మిన ధర రైతుకు తెలపాలి, జిల్లా స్థాయిలో ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలి. స్వచ్ఛంద మార్కెట్‌కూ ఇవే వర్తించేలా నిబంధనలు తేవాలి.

వానాకాలం నాట్లకు ముందు మళ్లీ కాగితాలు తెస్తామని కంపెనీ వారు చెప్పి వెళ్లారు. ఆలోగా మీ ఉత్తర్వు వస్తే, సంతకం అడిగినప్పుడు ముందు దాన్నే వారి ముందు పెడతాం.

ఇట్లు,
నల్లగొండ జిల్లా వరి రైతు