అద్దె ఇంటి బండల వాకిట్లో పూలమొక్కలు

సంపాదకులకు నమస్కారం.

మిద్దెతోటల గురించి మన పత్రికలు విరివిగానే రాస్తున్నా, హైదరాబాద్‌లో మావంటి అద్దెవాళ్ల షాబాద్ బండల వాకిళ్ల ఊసు అరుదుగానే కనబడుతుంది. గునపం దించడానికి వీల్లేని మా వాకిట్లో, ఖాళీ అయిన 20 లీటర్ల రంగుల డబ్బాలను శుభ్రంగా కడిగి, అడుగున నాలుగైదు రంధ్రాలు చేసి, వాటిపై పెంకుముక్కలు పరచి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపి, నాలుగేళ్లుగా పూలమొక్కలు పెంచుతున్నాను. ఆ డబ్బాల్లో ఆకుకూరలు మాత్రం వేయను. బంతి, బిళ్లగన్నేరు విత్తనాలతోనే వస్తాయి. గడ్డిగులాబీకైతే పొరుగింటివారిచ్చిన వేలెడు కొమ్మ చాలు. పొద్దుటి ఎండ తగిలి ఆ పూలు విచ్చుకున్నాక బండల బూడిదరంగు కంటికే ఆనదు.

నీటి మరకలు పడతాయని ఇంటి యజమాని మొదట్లో అభ్యంతరం చెప్పారు. ఆ భయం న్యాయమైనదే. ప్రతి డబ్బానూ రెండు ఇటుకలపై నిలిపాక అడుగున గాలి ఆడి బండ ఆరిపోతోంది, వేసవిలో కాలిన బండ వేడి వేళ్లకు నేరుగా తగలడమూ తప్పింది. ఉద్యాన శాఖవారు పట్టణ తోటల శిక్షణలో అద్దె ఇళ్లవారికి అక్కరకొచ్చే ఇటువంటి పద్ధతులనూ చేర్చాలని, యజమానులు ఇటుకల షరతుపైనైనా మొక్కలకు అనుమతినివ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్