ఎవరి నేర్పు ఎక్కడో చూసి పని ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారంలో గ్రేడింగ్ విభాగం చూస్తుంటాను. కొత్తగా చేరే ఆడవాళ్లకు ఏ బల్ల దగ్గర ఖాళీ ఉంటే అక్కడే పని చెబుతారు. ఏళ్లు గడిచినా చాలామందికి అదే బల్ల. ఈ పద్ధతి మారాలి.

గ్రేడింగ్ అంటే గింజలను పరిమాణాన్ని బట్టి రకాలుగా విడదీయడం. అది పూర్తిగా కంటి పని. పౌను బరువుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 220 నుంచి 240 గుండ్లు (విరగని పూర్తి గింజలు) తూగితే 240 రకం, 300 నుంచి 320 తూగితే 320 రకం. రెంటికీ మధ్య గింజకు తేడా సుమారు అర గ్రాము. మా దగ్గర ఒకామె పొట్టు తీయడంలో ఎప్పుడూ వెనకబడేది, మేస్త్రీ చేత మాటలు పడేది. మనిషి తక్కువైన రోజున గ్రేడింగుకు కూర్చోబెడితే చూపుతోనే రకాలు విడదీసింది! ఇప్పుడు అనుమానం వచ్చిన గింజను అందరూ ఆమెకే చూపిస్తారు. మరో అమ్మాయిది మెత్తని చెయ్యి. ఆమె పొట్టు తీస్తే గుండు బద్ద కాదు. బద్దయితే ధర ఎంత పడిపోతుందో యజమానులకు నేను చెప్పనక్కరలేదు.

కొత్తవారిని మొదటి నెలలో అన్ని బల్లల దగ్గరా కూర్చోబెట్టండి. ఏ పని చేతికి కుదిరిందో వాళ్లనే అడగండి, మేస్త్రీని కాదు. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఆ నెలంతా రోజు కూలి కట్టివ్వాలి. సంపాదన తగ్గుతుందంటే ఏ తల్లీ బల్ల మారడానికి ఒప్పుకోదు.

– ఒక గ్రేడింగ్ సూపర్‌వైజర్, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా