ఒక చీఫ్ సంతకంతో ఇన్ని మెషిన్ గన్‌లా? ఏటీఎఫ్ డైరెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా ఏటీఎఫ్ (తుపాకుల నియంత్రణ చూసే కేంద్ర సంస్థ) డైరెక్టర్ గారికి,

అయోవా రాష్ట్రంలోని అడైర్ వెయ్యి మంది కూడా లేని ఊరు. ఆ ఊరి పోలీస్ చీఫ్ 2018 నుంచి 2022 వరకు 90 మెషిన్ గన్‌ల కోసం పోలీసు శాఖ లెటర్‌హెడ్ మీద సంతకాలు పెట్టారు. వాటిలో హెలికాప్టర్లకు బిగించే మినీగన్ కూడా ఉంది! ఊరికెందుకండీ అది?

1986 చట్టం తర్వాత తయారైన మెషిన్ గన్‌ను మామూలు పౌరులు కొనలేరు. పోలీసు శాఖలు కొనవచ్చు. పోలీసులకు చూపించాలంటూ చీఫ్ లేఖ ఇస్తే, డీలర్లూ తెప్పించుకోవచ్చు. ఇక్కడ చీఫ్‌కే సొంత తుపాకుల షాపు ఉంది. లేఖ రాసిందీ ఆయనే, లాభపడిందీ ఆయనే. శాఖ పేరున కొన్న కొన్నింటిని లాభానికి అమ్ముకున్నారు కూడా.

2024 ఫిబ్రవరిలో జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది, జులైలో ఐదేళ్ల శిక్ష పడింది. సంతోషమే. కానీ అన్నేళ్లు ఆ లేఖలు మీ ఆఫీసుకే వచ్చాయి కదా. నాకు కోపం అక్కడే.

దయచేసి ప్రతి లేఖకూ సిటీ కౌన్సిల్ ఆమోదం అడగండి. షాపున్న అధికారి సంతకం అసలు ఒప్పుకోవద్దు. శాఖల దగ్గరున్న తుపాకులను ఏటా లెక్క చూసి, ఆ లెక్క ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
అయోవాలో ఉంటున్న ఒక తెలుగువాడు