లేత్ అన్నకు, సిస్టర్‌కు, ఇన్నొవేషన్ సెల్ వాళ్ళకు

ఛాతీలో ట్యూబు వేసిన పేషెంట్ మంచం కింద నీళ్ళ బాటిల్ ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. స్ట్రెచర్ మీద తీసుకుపోయేటప్పుడు ఆ బాటిల్‌ను భద్రంగా పట్టి ఉంచే మా హోల్డర్‌కు గత వారం తయారీ ఒప్పందం కుదిరింది. అప్పటినుంచి అభినందనలన్నీ నాకే వస్తున్నాయి. 'వరంగల్ డాక్టర్ గారు కనిపెట్టారు' అని వాట్సాప్‌లో తిరుగుతోంది. అందులో నిజం కొంతే, మిగతాది చెప్పడానికే ఈ పోస్టు. పేర్లు రాయొద్దని అందరూ అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకు తెలుస్తుంది.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో చెప్తాను. యాక్సిడెంట్‌లో పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి చుట్టూ గాలో రక్తమో చేరితే ట్యూబు వేసి, దాని రెండో కొసను బాటిల్‌లోని నీళ్ళలో సుమారు 2 సెంటీమీటర్ల లోతున ఉంచుతాం. లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది, బయటి గాలి లోపలికి పోదు. బాటిల్ మాత్రం ఎప్పుడూ ఛాతీ కన్నా కిందే ఉండాలి, నిటారుగా ఉండాలి. వార్డులో ఉన్నంతసేపూ ఫర్వాలేదు. సీటీ స్కాన్‌కు పంపేటప్పుడే టెన్షన్. వెంట వచ్చిన బావమరిదో కొడుకో దాన్ని పేషెంట్ కాళ్ళ మధ్య పెడతాడు, లేదంటే సెలైన్ అనుకుని పైకెత్తి పట్టుకుంటాడు. పైకెత్తితే అందులోని నీళ్ళు వెనక్కి ఛాతీలోకి పోవచ్చు. ఒరిగితే ట్యూబు కొస నీళ్ళలోంచి బయటపడి గాలి లోపలికి పోతుంది. పోనీ ట్యూబును నొక్కి మూసే క్లాంప్ వేద్దామా అంటే, బుడగలు వస్తున్న పేషెంట్‌కు అది మరీ ప్రమాదం. గాలి లోపలే పేరుకుని ఊపిరితిత్తినీ గుండెనూ నొక్కేస్తుంది.

స్ట్రెచర్‌కు తగిలించే స్టాండు ఒకటి ఉంటే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను. బొమ్మ కూడా గీసి పెట్టుకున్నాను. సర్జన్ల దగ్గర ఇలాంటి బొమ్మలకు కొదవ ఉండదు, అవి డ్రాయరు దాటి బయటికి రావడమే అరుదు. మన ఊళ్ళో కాకతీయ మెడికల్ కాలేజీ, అప్పటి ఆర్‌ఈసీ, అంటే ఇప్పటి నిట్, రెండూ 1959లోనే పుట్టాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి ఆటోలో అరగంట దారి. అయినా డాక్టర్లకు అటు పోయే తీరిక దొరకదు, ఇంజినీర్లకు ఇటు వచ్చే సందు దొరకదు.

నాకు ఆ సందు చూపించింది యూనివర్సిటీ ఇన్నొవేషన్ సెల్‌లోని మేడం. నేను బొమ్మ తీయబోతుంటే, "అది తర్వాత చూద్దాం సార్, ముందు కొనేదెవరో చెప్పండి" అన్నారు. మోసేది వార్డు బాయ్, చూసుకునేది సిస్టర్, మేలు జరిగేది పేషెంట్‌కు. డబ్బు కట్టేది వీళ్ళెవరూ కారు. సర్కారు దవాఖానాలకైతే మెడికల్ కార్పొరేషన్ టెండర్లు పిలిచి కొంటుంది, ప్రైవేటులో పర్చేజ్ మేనేజర్ చూస్తాడు. మేడం ఎంబీఏ పిల్లలను కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల నర్సింగ్ హోమ్‌లకు పంపారు. 'బాగుందా' అని అడగొద్దని, 'ఇంత ధరకు ఎన్ని తీసుకుంటారు, అడ్వాన్స్ ఇస్తారా' అని అడగమని చెప్పి మరీ పంపారు. బాగుందా అంటే మనవాళ్ళు మొహమాటానికి బాగుందనే అంటారు కదా. ఆ పిల్లలు తెచ్చిన కబురుతోనే మా డిజైను సగం మారింది: ఒక్కో ఆసుపత్రిలో స్ట్రెచర్ పైపు ఒక్కో మందం. కొన్ని లోకల్‌గా వెల్డింగ్ చేయించినవి, వాటికి ఏ లెక్కా లేదు. అన్నిటికీ పట్టే బిగింపు లేకపోతే పర్చేజ్ మేనేజర్లు ముట్టుకోరు.

సర్జన్ల సదస్సులో పోస్టర్ పెడదామనుకుంటున్నానని చెప్పినప్పుడు పేటెంట్ ఏజెంట్ తమ్ముడు ఆపాడు. దరఖాస్తు వేయకముందే బయటపెడితే పేటెంట్ చేజారొచ్చు, ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేద్దాం, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాడు. అది వేశాక పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. శస్త్రచికిత్స పద్ధతికి మన దేశంలో పేటెంట్ రాదని, పరికరానికైతే రావచ్చని, 1970 నాటి చట్టంలో ఆ సెక్షన్ తెరిచి చూపించాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు లేత్ అన్న సంగతి. ఆటోనగర్‌లో చిన్న షెడ్డు, ఒక లేత్ మిషను, మూలన పాత బండ్ల సామాను. నేను గీసిన స్టాండు గట్టిగా, కదలకుండా ఉండేది. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇట్ల బిగిస్తే ర్యాంపు ఎక్కంగనే బాటిల్ గూడ వంగుతది సార్. ఉట్టి లెక్క వేలాడాలె, స్ట్రెచర్ ఎటు వంగినా అది నిటారుగనే ఉంటది" అన్నాడు. మరి ఊగి చక్రానికి కొట్టుకుంటే? దానికీ ఆయనే, మోటార్ సైకిల్ షాక్ అబ్జార్బర్‌లో ఉండే రబ్బరు బుష్ తీసి ఇరుసుకు తొడిగాడు. ఊగుడు మెత్తబడింది. బాటిల్లో ఎర్ర రంగు నీళ్ళు పోసి, ఖాళీ స్ట్రెచర్ మీద ఇసుక మూటలు పడుకోబెట్టి, ఇంజినీరింగ్ పిల్లలు క్యాంపస్‌లో స్పీడ్ బ్రేకర్ల మీదుగా పరుగెత్తించారు. ఎవరికో ఏదో అయిందని వాచ్‌మన్ వెంట పడ్డాడు పాపం. ట్యూబు కొస మాత్రం నీళ్ళలోంచి బయటికి రాలేదు. పేషెంట్ల దగ్గర వాడింది ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాకే.

దరఖాస్తులో ఆవిష్కర్తల పేర్లు రాసేటప్పుడు మేడం, ఏజెంట్ తమ్ముడు ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. వేలాడే ఏర్పాటు ఎవరి ఆలోచనో వాళ్ళ పేరు ఉండి తీరాలి, చదువు ఎంతన్నది ఫారం అడగదు అన్నారు. అలా నా పేరు పక్కన లేత్ అన్న పేరు చేరింది, లైసెన్సు డబ్బులో వాటా కూడా. అందరికన్నా ఎక్కువ కృతజ్ఞత నాకు ఈ పనికే. కాలు పోయినవాళ్ళకు పెట్టే జైపూర్ కాలు సంగతి చూడండి. దాన్ని మలచడంలో డాక్టర్ సేఠీతో పాటు రామచంద్ర శర్మ అనే శిల్పి చేతులున్నాయి. 1981లో మెగసెసే అవార్డు వచ్చింది డాక్టరుకు. శర్మ పేరు మా మెడికల్ విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

సిస్టర్ విషయంలో మాత్రం చట్టం నాకు నచ్చలేదు. "ఒక చేత్తో పెట్టేటట్టు ఉండాలె సార్, ఇంకో చేతిల సెలైన్ ఉంటది" అన్నది ఆవిడే. ఆ మాట లేకపోతే మేము మర బిగించే స్టాండు చేసి కూర్చునేవాళ్ళం. కానీ ఇలా కావాలని చెప్పడం వేరు, దాన్ని సాధించే ఉపాయం వేరు, మొదటిదానికి ఆవిష్కర్త హోదా రాదట. అందుకని మేడం ఇంకో దారి వెతికి, ఒప్పందంలోనే ఆవిడకు వాటా రాయించారు.

మా హోల్డర్ స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) వస్తువు కాదు, కొలతలు తీసేదీ కాదు, వైద్య పరికరాల్లో తక్కువ ప్రమాదం ఉన్న క్లాస్ ఎ కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ పని కంపెనీ వాళ్ళు చూసుకుంటున్నారు. డ్రాయరులో బొమ్మలున్న సర్జన్లెవరైనా ఉంటే నాకు ఫోన్ చేయండి, మేడంకు కలుపుతాను. ఈలోగా ఆ బొమ్మను గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.

అన్నా, నీ చెక్కు కోసం బ్యాంకు పాసుబుక్కు జిరాక్స్ పంపు. సిస్టర్, వాటా కాగితం మీద మీ సంతకం ఇంకా బాకీ ఉంది. 'నాకెందుకు సార్' అంటే ఊరుకునేది లేదు, ఈ వారం డ్యూటీ దిగాక సెల్‌కు రండి.