పాలావిడ వెనక మేకు

ఆమ్‌స్టల్‌వేన్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ కొత్తింటి హాలు ఫోటో చూశాను. సోఫా పైన గోడ బోసిగా ఉంది, డచ్చి చిత్రకారుడు వెర్మీర్ పదిహేడో శతాబ్దంలో వేసిన పాలు పోసే ఆవిడ బొమ్మని నాలుగడుగుల కాన్వాస్ మీద వేయించి పంపమన్నావు. పంపను. ఫోన్లో చెబితే మధ్యలో క్రికెట్‌లోకి పారిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తెలివితక్కువ పని విను. ఇక్కడికొచ్చిన కొత్తలో అదే బొమ్మని నెట్‌లో దొరికిన ఫోటోతో ఒక ఆన్‌లైన్ షాపులో మూడడుగుల కాన్వాస్‌గా చేయించాను. వచ్చాక చూస్తే ఆవిడకి పచ్చకామెర్లు! గోడ పసుపు, పాలు పసుపు, ఇక రొట్టె సంగతి చెప్పక్కర్లేదు. పాతకాలం బొమ్మ కదా, ఇలాగే ఉంటుందేమోలే అని సర్దుకుపోయాను. ఆరు నెలల తర్వాత ఇక్కడి ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియంలో అసలు దాని ముందు నిలబడితే గోడ తెల్లగా ఉందిరా! కిటికీ కింద మసక, కుడివైపుకి వచ్చేకొద్దీ సున్నం వేసిన గోడకి ఉండే వెలుగు. ఆవిడ నడుముకి కట్టిన గుడ్డ నీలం. అఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చే రాయి నూరి చేసిన రంగట అది. నా కాన్వాస్ మీద అది బూజుపట్టిన పచ్చ.

మోసపోయింది నేనొక్కణ్ణే కాదులే. మ్యూజియం వాళ్ళు వెతికితే నెట్‌లో ఈ బొమ్మకి పదివేల పైన కాపీలు తేలాయి, చాలావాటికి ఇదే పసుపు జబ్బు. అవి చూసి చూసి జనం, మ్యూజియం షాపులో సరైన రంగుల పోస్టుకార్డుని పట్టుకుని, ఇది అసలు బొమ్మలా లేదని వాదించేవాళ్ళట. ఆ తలనొప్పి కూడా ఒక కారణమై, మంచి ఫోటోలు వాళ్ళే ఉచితంగా పెట్టేశారు. 2012 నుంచి వాళ్ళ వెబ్‌సైట్‌లో రైక్స్‌స్టూడియో అనే చోట ఎవరైనా దించుకుని అచ్చు వేయించుకోవచ్చు. కాబట్టి నీ ఖర్చల్లా అచ్చుకీ ఫ్రేముకే.

ఇక సైజు. అసలు బొమ్మ ఎంతుంటుందనుకున్నావు? ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41. మనిళ్ళలో దేవుడి పటమంత! ఇలాంటి బొమ్మలు గుళ్ళకీ కోటలకీ వేసినవి కావు, వ్యాపారస్తుల ఇళ్ళలో గోడలకి వేసినవి. 1675లో వెర్మీర్ చనిపోతే, 600 గిల్డర్లు (అప్పటి డచ్చి డబ్బు) దాటిన రొట్టెల బాకీ కింద వాళ్ళావిడ ఒక బేకరీ ఆయనకి రెండు బొమ్మలు ఇచ్చింది. పచారీ కొట్టు ఖాతా అనుకో. అలాంటి బొమ్మని నాలుగడుగులకి సాగదీస్తే హోటల్ లాబీలా ఉంటుందిరా ఇల్లు.

బొమ్మలో గోడ మీద, పాలావిడ తలకంటే పైన, ఒక మేకు ఉంటుంది. వట్టి మేకు, ఏమీ తగిలించలేదు. దానికి సన్నటి నీడ. చుట్టుపక్కల పాత మేకులు పీకేసిన చిల్లులు. నా కాన్వాస్ మీద ఇవేవీ లేవు, గుడ్డ నేత మింగేసింది. అందుకే కాగితమే మేలు: మెరుపులేని మందపాటి కాటన్ కాగితం, పిగ్మెంట్ ఇంకు, అసలు సైజు. అచ్చు చేతికి రాగానే మేకు నీడ వెతుకు. కనిపిస్తేనే డబ్బులివ్వు.

ఇంకోటి. 2022లో స్కాన్ చేసి చూస్తే, ఆవిడ వెనక గోడకి కూజాలు తగిలించే చెక్క ఒకటి మొదట గీసి, తర్వాత వెర్మీరే కప్పేశాడని తేలింది. గోడ ఖాళీగా ఉంచడానికి ఆయన అంత పాటుపడితే, నీకేమో ఖాళీ గోడంటే బెంగ!

అసలు నన్నడిగితే పాలావిడే వద్దు. అదే కాలపు ఇంకో డచ్చి చిత్రకారుడు పీటర్ డె హోఖ్ 1660 ప్రాంతంలో వేసిన బొమ్మ ఒకటుంది, అదీ ఈ మ్యూజియంలోనే. తల్లి ఒళ్ళో పిల్ల తల పెట్టుకుంది, తల్లి పేలు చూస్తోంది. అంతే! తెరిచిన తలుపులోంచి పక్కగదిలోకి ఎండ, అటు తిరిగి కూర్చున్న చిన్న కుక్క, గోడలోనే అమర్చిన మంచం, ఓ మూల పసిపిల్లల దొడ్డికి కుర్చీ. మీ అమ్మకి ఎవరూ వివరించక్కర్లేదు. 52.5 బై 61 సెంటీమీటర్లు, నీ సోఫాకి సరిగ్గా సరిపోతుంది. పైగా నువ్వు ఇల్లు కట్టింది బందరు వలందపాలెంలో! 1605లో మన రేవులో దిగి, అద్దకం బట్టలు ఓడలకెక్కించుకున్న ఆ వలందా వాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, ఇళ్ళే ఈ బొమ్మల్లోవి.

ఫ్రేము అక్కడే కట్టించు. బంగారు బీడింగ్ వేస్తానంటాడు, ఒప్పుకోకు, నల్లదే వెయ్యమను. సముద్రపు చెమ్మకి కాగితం అద్దానికి అతుక్కుంటుంది, అందుకని మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ అట్ట అంచు) పెట్టించు. మన అలవాటు చొప్పున గుమ్మం పైన తలెత్తి చూసేలా వంచి కట్టకు, కూర్చుంటే కళ్ళకి ఎదురుగా ఉండాలి. పడమటి ఎండ పడే గోడైతే అసలే వద్దు.

వచ్చే నెల మా అన్నయ్య విజయవాడ వస్తున్నాడు. రెండిట్లో ఏది కావాలో చెల్లెమ్మని అడిగి చెప్పు, అచ్చు వేయించి ట్యూబులో చుట్టి అతనికిస్తాను. నిన్ను కాదు, చెల్లెమ్మనే అడగమన్నాను. బందరు లడ్డు మాత్రం అతని చేతికి ఇచ్చి పంపు.

నీ
రవి